ఆగకూడని చోట ఆగిన కోడ్

నారాయణప్ప అనే పేరు ఎక్కడ వినపడినా ఏడేళ్ళుగా అక్కడ నిలవలేకపోతున్నాను. ఆయనకు నేను చేసిన అన్యాయం నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

అప్పుడు నేను ఇనుమును తిప్పుతూ కోసే లేతు మిషన్లను నడిపించే కంట్రోలర్లు చేసే చిన్న కంపెనీలో కొత్తగా చేరాను. మిషన్‌కీ కంప్యూటర్‌కీ మాట కలిపే డ్రైవర్ అనే ప్రోగ్రామ్ రాయడం నా పని. అది కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ లోలోపల నడుస్తుంది. ఒకరి మొహం ఒకరు చూడని వేలమంది ఏళ్ళ తరబడి రాసిన కోడ్ అది. ఒక ఫంక్షన్‌ను పట్టుకుని లోపలికి వెళితే అది ఇంకోదాన్ని పిలిచేది, అది మరోదాన్ని; చివరికి హార్డ్‌వేర్‌ను తాకే ఒక్క లైను దగ్గర తేలేవాణ్ణి. ఒళ్ళు జలదరించేది. మనుషులేనా ఇది కట్టింది?

అక్కడ మెమరీని రెండు రకాలుగా అడగవచ్చు. దొరికేదాకా ఆగుతానని ఒకటి. ఆగను, ఉంటే ఇప్పుడే ఇమ్మని ఇంకొకటి. మిషన్ సిగ్నల్ ఇచ్చిన క్షణాన నడిచే కోడ్ ఆగకూడదు, ఆగితే మొత్తం ఆగిపోతుంది. అక్కడ నేను ఆగుతానని అడిగాను. పీణ్య పారిశ్రామికవాడలో ఒక వర్క్‌షాపులో ట్రయల్‌కు పెట్టాం. మెమరీ ఎప్పుడూ దొరికింది కాబట్టి మూడు వారాలు బాగానే నడిచింది. ఒకరోజు దొరకలేదు.

కోత మధ్యలో కంట్రోలర్ బిగుసుకుపోయింది, టూలు విరిగింది. ఆపరేటర్ ఏదో స్విచ్ ముట్టి ఉంటాడని ఓనర్ తేల్చేశాడు. ఆ ఆపరేటరే నారాయణప్ప, చింతామణి ఊరి వైపు మనిషి. ఇరవై ఏళ్ళుగా లేతు మీదే ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం కబురందుకుని వెళ్ళి, వర్క్‌షాపులోనే ఒక బల్ల దగ్గర కూర్చుని కెర్నల్ కోడ్ తెరిచాను. ఇలాంటి చోట ఇలా అడగవద్దని ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన వ్యాఖ్య కనిపించింది. భయం కంటే ముందు ఆశ్చర్యం కలిగింది. నేను చేయబోయే తప్పు వాళ్ళకు ముందే తెలుసు.

నారాయణప్ప వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

“నేనేమీ ముట్టలేదప్పా. అదే నిలిచిపోయింది. లోపల ఏముండాదో నీకు తెలుస్తాది కదా, చూసి చెప్పు.”

ఆ వ్యాఖ్య ఇంకా స్క్రీన్ మీదే ఉంది.

“చూశానన్నా. మా కోడ్‌లో ఏమీ లేదు.”

“సరే లేప్పా,” అన్నాడు. నన్ను నమ్మాడు.

ఆ సాయంత్రమే ‘ఆగుతాను’ అన్నచోట ‘ఆగను’ అని ఒక్క మాట మార్చి, చిన్న మెరుగుదల అని రాసి కంపెనీకి పంపేశాను. ఆయన్ని మిషన్ మీదనుంచి తీసి, ఇనుప రజను ఊడ్చే పనిలో పెట్టారు. నెల తిరక్కముందే మానేశాడు.

కెర్నల్ మార్పుల చరిత్ర ఇప్పటికీ చదువుతుంటాను. ఈ లోపం నేను తెచ్చిందే అని, ఎంతో పేరున్నవాళ్ళు, ప్రపంచమంతా చదివేచోట తమ పేరుతోనే రాసుకుంటారు. వాళ్ళ తెలివికన్నా దానికే నేను ఎక్కువ చకితుణ్ణవుతాను. మరి నేనెందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? కాదు. అంత గొప్ప చోట అడుగుపెట్టే అర్హత నాకు లేదని తేలిపోతుందని.

నిరుడు వెతుక్కుంటూ వెళ్ళాను. వర్క్‌షాపు తీసేసి గోడౌన్ పెట్టారు. ఆయన సంగతి చెప్పేవాళ్ళు లేరు. దొరికి ఉంటే ఏమనేవాడో తెలియదు. నన్ను క్షమించి తీరాలని ఏముంది?

ఆయన దేన్నీ ముట్టలేదు. తప్పు నాది, నాకు అప్పుడే తెలుసు. ఇది రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అంతవరకే.