పసుపు కింది నంబరు

మా ఆవిడకు ప్రయాణాలంటే పడదని పాతికేళ్ల పైనే నమ్మాను. తిరుపతి అన్నా, పెళ్లి అన్నా "మీరు పోయి రాండ్రి" అనేది. లెక్కల మాస్టారుగా రిటైరైన నేను ఈ ఒక్క లెక్క ఎప్పుడూ సరిచూసుకోలేదు. పోయిన ఏడాది చిలుకూరులో బంధువుల పెళ్లికి బలవంతంగా తీసుకెళ్తే, అప్పగింతలకు ముందే కళ్లు తిరిగి పడిపోయింది. దవాఖానలో డాక్టరమ్మ "పొద్దున్నుంచి ఒక్క చుక్క నీళ్లు తాగలేదంట" అని నన్ను ముద్దాయిని చూసినట్టు చూసింది. దారిలో బాత్రూం ఉంటుందో ఉండదో అన్న భయంతో, ఊరు దాటితే చాలు, నీళ్లు మానేస్తుందట. అన్నేళ్లు నా పక్కనే నోరెండబెట్టుకుని కూర్చున్న మనిషిని గమనించనందుకు సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సిగ్గులోనే బండి కొన్నాను. మా జీపు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు అది. పడక, పొయ్యి, అన్నిటికన్నా ముఖ్యంగా సొంత బాత్రూం. కోదాడలో డీలరు దగ్గర తీసుకున్నాం. "ఇగ నీకు సముద్రం సూపిస్త" అని మాటిచ్చాను. ఆమె అప్పటివరకు సముద్రం చూడలేదు.

కొత్త బండికి పూజ చేయాలి కదా. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం, గుమ్మడికాయ కొట్టాం. కానీ బొట్టు పెట్టడానికి దాని ముఖం ఎక్కడుందో మా ఆవిడకు అర్థం కాలేదు. ముందు ఇంజనూ లేదు, లైట్లూ లేవు. వెతికి వెతికి, ముందు వైపు తళతళలాడే రేకు పలక ఒకటి కనిపిస్తే అదే నుదురనుకుని పసుపు, గంధం, నూనెలో కలిపిన కుంకుమ దట్టంగా పట్టించింది. అది కంపెనీ వాళ్లు బండి నంబరు అచ్చేసిన పలక.

వారం తిరక్కముందే ఇంటి ముందు ట్యాంకు నింపి చూశాం. బాత్రూంలో నీళ్లు రాలేదు. పరుపు కింద నుంచి వచ్చాయి. లోపలెక్కడో పైపు పగిలింది. వారంటీ ఉంది కదా అని ధీమాగా ఫోన్ చేస్తే, నంబరు పలక ఫోటో పంపమన్నారు. ఎండి గట్టిపడిన పసుపు కింద అంకె ఒక్కటీ కనిపించలేదు. నేనే స్టీలు పీచు తెచ్చి, మాడిన గిన్నె తోమినంత శ్రద్ధగా తోమాను. పసుపుతో పాటు అంకెలూ పోయాయి. పలక మాత్రం అద్దంలా మెరిసింది.

"నేను బొట్టు పెట్టిన, మీరు మొకమే తీసేసిండ్రు" అంది మా ఆవిడ.

అక్కడి నుంచి మొదలైంది తిరుగుడు. రిపేరు చేసే వర్క్‌షాపు మిర్యాలగూడలో ఉంది. బండిని అక్కడ వదిలాం. నంబరు చెరిగిపోయింది కాబట్టి, ఇది తాను అమ్మిన బండేనని డీలరు కాగితం మీద రాసి స్టాంపు వేయాలి. అతను కోదాడలో. మేము సూర్యాపేటలో. ఉద్యోగమంతా పిల్లలకు త్రిభుజాలు చెప్పాను గానీ, దాని చుట్టూ తిరగడం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

కోదాడ నుంచి మూడుసార్లు "వచ్చే వారం" అన్న మాట మోసుకొచ్చాక, మా ఆవిడ చీర మార్చుకుని జీపెక్కింది. "మీరు పోయి దండం పెట్టి వస్తున్నరు. నేనొచ్చి అడుగుత" అంది. ఒళ్లో నీళ్ల సీసా ఉంది. దారి పొడుగునా దాని మూత తీయలేదు.

డీలరు చల్లగా చెప్పాడు. "స్టాంపు ప్యాడు ఎండిపోయిందండి. సోమవారం వచ్చేయండి."

మా ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఎండిపోతే జర నీళ్లు పొయ్. మా బండిల రాని నీళ్లు నీ దగ్గరన్న ఉన్నయా?"

ఐదు నిమిషాల్లో స్టాంపు పడింది. ఆమెను చల్లబరచడానికి అతను గ్లాసుడు నీళ్లిచ్చాడు. కోపంలో ఏం చేస్తోందో తెలియక గటగటా తాగేసింది. రెండోదీ తాగింది.

ఆ కాగితంతో అటు నుంచి అటే మిర్యాలగూడ బయల్దేరాం. దారిలో నేరేడుచర్ల దగ్గరికొచ్చేసరికి ఆమె ముఖం పాలిపోయింది. "ఆపుండ్రి" అంది. రోడ్డు పక్కన ఒక రైసు మిల్లు ఉంటే, నేనే వెళ్లి మిల్లు యజమాని భార్యను నసుగుతూ అడిగాను. ఆమె నన్ను పక్కకు తోసినంత పని చేసి జీపు దగ్గరికొచ్చింది. "గిందుల మొహమాటమేందక్క, లోపలికి రా" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. అరగంటయినా మా ఆవిడ బయటికి రాలేదు. లోపలి నుంచి నవ్వులు వినబడ్డాయి.

మిర్యాలగూడలో మెకానిక్కు స్టాంపు చూసి తలూపాడు. "కాగితం బరాబర్ ఉంది మేడం. ఇగ పైపు రావాలె. వచ్చే వారం సూద్దాం."

నేను నీరుగారిపోయాను. మా ఆవిడ మాత్రం "మంచిది, మంగళారం వస్తం" అంది, ఎందుకో హుషారుగా.

ఆ తర్వాత ఎన్ని మంగళవారాలు పోయాయో. ఇక కోదాడలో పని లేదు, సూర్యాపేట నుంచి నేరుగా మిర్యాలగూడ పోవచ్చు. ఆమె ఒప్పుకోదు. త్రిభుజంలో రెండు భుజాలు కలిపితే మూడోదాని కంటే పొడుగని ఎంత చెప్పినా, చుట్టూ తిరిగే పోవాలంటుంది. కోదాడ దారిలో ఏ బంకులో బాత్రూం శుభ్రంగా ఉంటుందో, దాని తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో ఆమెకు నోటికొచ్చేసింది. మిల్లావిడ కోసం డబ్బాలో సకినాలు సర్దేది. పైపు మాత్రం రాదు. నాకు తలనొప్పి, ఆమెకు తీరిక చాలదు.

చివరికి ఫోన్ వచ్చింది, బండి రెడీ అని. వెళ్లి కుళాయి తిప్పితే బాత్రూంలో నీళ్లు ధారగా పడ్డాయి. పరుపు పొడిగా ఉంది. గెలిచినవాడిలా బండిని జీపుకు తగిలించుకుని బయల్దేరాను.

నేరేడుచర్ల రాగానే "ఆపుండ్రి" అంది.

"ఎనకాల మన సొంత బాత్రూం ఉంది గదనే!"

"ఉంటే ఉండనీయుండ్రి. చెల్లె చాయ్ పెట్టి ఎదురు సూస్తుంటది. సముద్రానికి ఆమెను గూడ రమ్మంట."

దిగి, వెనక్కి చూడకుండా మిల్లు వైపు నడిచింది. సీటు మీద ఆమె నీళ్ల సీసా దొర్లుతుంటే పట్టుకున్నాను. పొద్దున నేనే నిండా నింపి ఇచ్చాను. ఇప్పుడు అందులో ఒక్క చుక్క లేదు.