తాళాల బాబాయ్, మూడు వెబ్‌సైట్లు

మా బాబాయికి అనుమానం ఎక్కువ. ఈ మాట ఆయన ముందు అంటే, "ఎవరన్నారు? ఎప్పుడన్నారు? నీతోనే ఎందుకన్నారు?" అని నిలదీస్తాడు. పాలవాడు రాకపోతే ఎందుకు రాలేదని అనుమానం, వేళకు వస్తే ఇవాళ ఇంత బుద్ధిగా ఎందుకొచ్చాడని అనుమానం. ఒకసారి డాక్టరు మందు రాసిస్తే, "ఇది మీరెప్పుడైనా వేసుకున్నారా?" అని అడిగి, ఆయన లేదనగానే చీటీ బల్ల మీద పెట్టి వచ్చేసిన ఘనుడు.

ఇలాంటి మనిషి తాళాల షాపు పెట్టుకోవడం ఒక విధంగా లోకానికి మేలే. తాళం అమ్మే ముందు వేసి, లాగి చూస్తాడు. కొన్నవాడు డబ్బిచ్చి మెట్లు దిగుతుంటే వెనక్కి పిలిచి మళ్ళీ లాగి చూస్తాడు. సాయంత్రం షాపు మూసి, తాళం లాగి, వీధి మలుపు దాకా నడిచి, వెనక్కి వెళ్ళి ఇంకోసారి లాగుతాడు. షాపులో కంప్యూటర్ పని నాదే కాబట్టి, ఆయన కోసం ఆ మలుపులో రోజూ నిలబడే మనిషినీ నేనే.

కొన్నాళ్ళుగా జనం తాళం కోసం వీధుల్లో తిరగడం మానేశారు. ఏ వస్తువు ఏ షాపులో ఎంతకు దొరుకుతుందో పక్కపక్కన పెట్టి చూపించే వెబ్‌సైట్లు వచ్చాయి. అందులో మన షాపూ పెడదామని నేను బతిమాలని రోజు లేదు.

"మన ధర పక్కన ఇంకొకడి ధర పెట్టి చూపిస్తాడా? అలాంటివాడు మన మనిషా, వాడి మనిషా?" అనేవాడు బాబాయ్.

మా పక్క షాపు గొడుగుల అత్తయ్యది. ఆవిడ బాబాయిని నోరారా "అన్నయ్యా" అని పిలుస్తుంది. "అన్నయ్యా అంటోందంటే ఏదో అడగబోతోంది" అని ఆయన ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చున్నాడు. ఇంతవరకు ఆవిడ అడిగింది ఒక స్టూలు, అదీ బల్బు మార్చుకోవడానికి. స్టూలు తిరిగొచ్చాక నాలుగు కాళ్ళూ ఊపి చూసుకున్నాడు.

ఒకరోజు అత్తయ్య వెలిగిపోతున్న ముఖంతో వచ్చింది. ఒక వెబ్‌సైటు ఏజెంటు ఆవిడకు ఫోన్ చేశాడట. ఏడాది ఫీజు ముందే కట్టేస్తే తగ్గింపు ఇస్తారట.

"వచ్చే ఏడాది షాపు అద్దెకని దాచిన డబ్బుంది అన్నయ్యా. అది కట్టేద్దామనుకుంటున్నా. బేరాలు పెరిగితే అద్దె దానంతటదే వస్తుంది."

నేను కంప్యూటర్ వదిలి లేచాను. బేరాలు పెరగకపోతే ఆవిడ షాపు ఖాళీ చేయాల్సిందే, ఇంకో దారి లేదు. బాబాయ్ మాత్రం కళ్ళు చిన్నవి చేశాడు.

"ఓహో! నాకంటే ముందు చేరి పైన కూర్చోవాలని నీ ఎత్తా? ఆ వెబ్‌సైట్ల సంగతి నేను తేల్చేదాకా నువ్వు సంతకం పెట్టడానికి వీల్లేదు."

"నీకూ నాకూ పోటీ ఏంటన్నయ్యా! నావి గొడుగులు, నీవి తాళాలు."

"ఇవాళ గొడుగులు. రేపు?"

అత్తయ్య నవ్వేసి, నెలాఖరు దాకా ఆగుతానంది. మర్నాడు పొద్దున్నే బాబాయ్ నా పక్కన కుర్చీ వేసుకుని, "అమ్మాయ్, ఆ వెబ్‌సైట్లేవో చూపించు" అన్నాడు. నా చెవులను నేనే అనుమానించాను.

మూడు వెబ్‌సైట్లు చూశాం. మొదటిది అత్తయ్య చేరబోయేది. ఫోన్ స్పీకర్లో పెట్టించి బాబాయ్ విచారణ మొదలుపెట్టాడు.

"మీరు ముందు కట్టిన డబ్బులోంచి, కస్టమర్ మీ తాళం మీద క్లిక్ చేస్తేనే ఫీజు కోసుకుంటాం సార్" అన్నాడు ఏజెంటు.

"కొంటేనా?"

"క్లిక్ చేస్తే సార్."

"కొనకపోతే?"

"క్లిక్ చేశాడు కదా సార్."

"అంటే నా షాపులోకి తొంగిచూసి పోయినవాడికీ నేనే కట్టాలా? ఆ తొంగిచూసేవాళ్ళని పంపేదెవరు?"

"మేమే సార్."

"అదీ సంగతి!" అన్నాడు బాబాయ్, దొంగ దొరికినంత ఆనందంగా.

రెండో వెబ్‌సైటు వాళ్ళు సరుకు అమ్ముడుపోతేనే తమ వాటా తీసుకుంటామన్నారు. "అమ్ముడుపోకపోతే మీరేం తిని బతుకుతారు?" అని వాళ్ళ సంసారం గురించి కూడా ఆరా తీశాడు. మూడో ఆవిడ "ఊరికే పెట్టుకోవచ్చండీ" అనగానే, "ఊరికే అంది, ఫోన్ పెట్టేయ్" అని చెయ్యి ఊపాడు. ఆ తర్వాత తెలిసిందేమిటంటే, పెట్టుకోవడం ఊరికే, కనపడటానికే డబ్బు. బొటనవేలు నొప్పెట్టేదాకా పేజీ కిందికి జరిపితే గానీ మా తాళం కనపడలేదు.

మాటలు నమ్మే మనిషి కాదు కనుక నెల రోజుల పరీక్ష పెట్టాడు. ఎవరు ఎక్కడ చూసి వచ్చారో తెలియడానికి ఒకటే తాళం, వెబ్‌సైటుకొక ఫోటో చొప్పున మూడు ఫోటోలు. మొదటి దాంట్లో నీలం తలుపుకు వేసి ఉంది. రెండో దాంట్లో ఇనప్పెట్టెకు. మూడో దాంట్లో బాబాయ్ పిడికిట్లో. షాపుకొచ్చిన ప్రతివాడినీ గుమ్మంలోనే ఆపేవాడు.

"తలుపు మీద చూశారా, పెట్టె మీద చూశారా, చేతిలో చూశారా?"

"నాకు తాళం కావాలండీ..."

"అది తర్వాత. ఎక్కడ చూశారు?"

ఒకాయన భయపడి తాళం లేకుండానే వెళ్ళిపోయాడు. "చూశావా, ఏదో దాస్తున్నాడు" అన్నాడు బాబాయ్.

ఇంతలో ఇంకో అనుమానం పుట్టింది. ఈ వెబ్‌సైట్లు తనకు ఒక ధర, ఊళ్ళో జనానికి ఇంకో ధర చూపిస్తున్నాయేమోనని. అంతే, కనపడినవాళ్ళందరి ఫోన్లూ అడగడం మొదలుపెట్టాడు. "ఒక్కసారి నీ ఫోనివ్వు. నాది నాకు నచ్చేదే చూపిస్తోంది." నా ఫోన్, పిన్ని ఫోన్, మందుల షాపతని ఫోన్, ఒక చెంపకు నురగతో కూర్చుని సెలూన్ అతని ఫోన్. అందులో తన తాళం వెతికి, నొక్కి, ధర చూసి, ఉందని తృప్తిపడి తిరిగి ఇచ్చేసేవాడు. షాపు తాళం లాగి చూసుకునే మనిషి ఇక్కడా లాగి చూసుకుంటున్నాడని నాకు నవ్వొచ్చింది తప్ప ఇంకేమీ తట్టలేదు.

నెల గడిచేసరికి ఇనప్పెట్టె చూసి కొన్నవాళ్ళు కొద్దిమంది తేలారు. పిడికిలి చూసి ఎవరూ రాలేదు. నీలం తలుపుకు మాత్రం క్లిక్కులు కుండపోతగా వచ్చాయి, కొన్న పాపాన పోయినవాడు ఒక్కడూ లేడు. బాబాయ్ కట్టిన ఫీజు కరిగిపోతోంది.

"ఎవడో పగబట్టి నొక్కుతున్నాడు" అన్నాడు. మందుల షాపతన్ని అనుమానించాడు. సెలూన్ అతన్ని అనుమానించి గడ్డం పెంచాడు. చివరికి అత్తయ్య ఫోన్ చేతిలోకి తీసుకుంటే చాలు, ఆవిడ భుజం మీదుగా తొంగిచూడటం మొదలుపెట్టాడు.

నెలాఖరున ఏజెంటు కాగితాలతో, ల్యాప్‌టాప్‌తో అత్తయ్య షాపుకొచ్చాడు. మేమూ వెళ్ళాం. వీధిలో ఏ షాపుకు కొత్త మనిషి వచ్చినా మందుల షాపతనూ సెలూన్ అతనూ రాకుండా ఉండరు కాబట్టి వాళ్ళూ వచ్చారు.

"చూడండి మేడమ్, పక్క షాపు సార్ తాళానికే ఇంతమంది! అదీ ఎక్కువమంది మీ వీధివాళ్ళే. మీ గొడుగులకు ఇంకెంత గిరాకీ ఉంటుందో ఆలోచించండి."

"అబ్బో!" అని అత్తయ్య పెన్ను తీసుకుంది.

"మా వీధివాళ్ళా?" అన్నాడు బాబాయ్. "ఏ వేళప్పుడు?"

"పొద్దున షాపులు తెరిచేటప్పుడు, భోజనాలప్పుడు, మళ్ళీ మూసేటప్పుడు సార్."

బాబాయ్ ముఖం పాలిపోయింది. నాకూ అప్పుడే వెలిగింది. ఆయన నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. జీవితమంతా ఊరందరినీ అనుమానించిన మనిషి, తీరా దొంగ దొరికే వేళకు ఆ దొంగ తనేనని నలుగురిలో చెప్పుకోవడం మాటలు కాదు. అత్తయ్య పెన్ను కాగితం మీద ఆనింది.

"ఆగమ్మా. పెన్ను కింద పెట్టు. ఆ వచ్చిన జనం నేనే."

"అలా ఎలా సార్?" అన్నాడు ఏజెంటు. "ఒకే ఫోన్ నుంచి మాటిమాటికీ నొక్కితే మేం లెక్కలోంచి తీసేస్తాం."

"ఒకే ఫోనని ఎవరన్నారు?"

"నా ఫోన్లో రోజూ చూసేవారు" అన్నాడు మందుల షాపతను. "నా దాంట్లోనూ" అన్నాడు సెలూన్ అతను, ఆ గడ్డం వంక గుర్రుగా చూస్తూ. నేనూ చెయ్యెత్తాను. ఏజెంటు ల్యాప్‌టాప్ మెల్లగా మూశాడు.

అత్తయ్య పెన్నుకు మూత పెట్టింది. "అయ్యో, మరి నీ డబ్బన్నయ్యా?"

"పోయింది. ఇంకా అన్నయ్యా అంటావేంటి, ఏం కావాలి?" అని విసవిసా మా షాపులోకి వచ్చేశాడు.

ఆ సాయంత్రం తాళం వేస్తుంటే అడిగేశాను. "నేనెంత బతిమాలినా వినని మనిషివి, అత్తయ్య ఆ మాట చెప్పిన మర్నాడే ఎందుకు ఒప్పుకున్నావు? ఆవిడకంటే ముందు నువ్వు మునిగి చూద్దామనేగా?"

"నాకేం పని?" అని తాళం గట్టిగా లాగాడు. "ఆవిడ ఖాళీ చేస్తే ఆ పక్కన ఎవడొచ్చి చేరతాడో! ఆవిణ్ణి అనుమానించడం నాకు అలవాటైపోయింది. ఈ వయసులో ఒక కొత్తవాణ్ణి మొదట్నించీ అనుమానించుకుంటూ రావాలంటే నా వల్ల అవుతుందా?"

మా బాబాయ్ అంటే నాకు ఎంత ఇష్టమో ఆ రోజే తెలిసింది. వెళ్ళి మలుపులో నిలబడ్డాను.

అద్దె డబ్బు అలాగే ఉంచుకుని, అత్తయ్య రెండో వెబ్‌సైటులో చేరింది. చాలా రోజులు ఒక్క బేరమూ లేదు. ఆవిడ ముఖం వాడిపోతున్న సమయంలో, మండుటెండల్లో మొదటి ఆర్డరొచ్చింది. కర్ర పిడి నల్ల గొడుగు. కొన్నవాళ్ళ పేరు ఆ వెబ్‌సైటు చెప్పదు. కొరియర్ మనిషే వచ్చి చీటీ అంటించుకుని తీసుకెళ్తాడు.

"ఎవరో మహానుభావుడన్నయ్యా!" అని అత్తయ్య పొంగిపోయింది.

"ఎండల్లో గొడుగు కొన్నాడంటే వాడికేదో ఉద్దేశం ఉంది" అన్నాడు బాబాయ్, తలెత్తకుండా.

వానలు పడ్డాక ఆవిడకు ఆర్డర్లు వరసగా రావడం మొదలైంది. మొదటి పెద్ద వాన రోజున షాపు మూసి మెట్ల మీద నిలబడ్డాం. బాబాయ్ అటూ ఇటూ చూసి, సంచిలోంచి ఒక కర్ర పిడి నల్ల గొడుగు తీసి, పిడి లాగి చూసుకుని, విప్పాడు.

"బాబాయ్, ఇదెక్కడిది?"

"ఏదో ఉందిలే."

"ఎప్పుడు కొన్నావు? ఎక్కడ కొన్నావు?"

గొడుగు నా మీదకు వంచి, తాను సగం తడుస్తూ బాబాయ్ విసుక్కున్నాడు.

"అబ్బ! నీకెందుకమ్మాయ్, ప్రతిదానికీ ఇంత అనుమానం?"