హన్మకొండ దండెం మీది కొరియా తీగలు

హన్మకొండలో మా చెల్లె రాజవ్వ ఇంటి మేడ మీద, బట్టలారేసే దండేనికి జంతువుల నరాలు వేలాడుతున్నాయని మా వాళ్లలో పుకారు పుట్టింది. దాని నిజం తేల్చుకోవడానికి 1959 ఫిబ్రవరి 11, బుధవారం, నేను వర్ధన్నపేట నుంచి బయలుదేరాను.

రాజవ్వ కొడుకు సాంబయ్య మిలిటరీ దవాఖానలో వంటవాడిగా కొరియా వెళ్లి, అయిదేళ్ల క్రితం తిరిగొచ్చాడు. శుక్రవారం అతని బిడ్డకు ఇరవయ్యొకటో రోజు. కొరియాలో శుభకార్యాలకు చేసే వంటకమట, అదొకటి ఆ రోజు విస్తట్లో వడ్డిస్తానని అందరికీ చెప్పాడు. బిడ్డను చూడబోయిన బంధువులకు మేడ మీద ఆరేసిన తీగలు కనిపించాయి. మాది నూలు వ్యాపారం, మాంసం ముట్టని ఇళ్లు. దూదేకే విల్లుకు బిగించే ఎండు నరం ఎలా ఉంటుందో మా ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అచ్చం అలాగే ఉన్నాయన్నారు.

మా చెల్లెనూ నన్నూ ఒకే వంశంలో ఇచ్చారు. ఆ వంశంలో పంక్తి కూర్చుంటే, పెద్దవాళ్లు మొదటి ముద్ద కలిపేదాకా ఎవరూ విస్తట్లో చెయ్యి పెట్టరు. ఇప్పుడు ఆ పెద్దదాన్ని నేనే. నేను తినకపోతే శుక్రవారం ఎవరూ తినరు. ఆ తర్వాత ఆ ఇంట్లో మంచినీళ్లు ముట్టేవాళ్లు కూడా ఉండరు.

ఉదయం ఏడూ ఇరవైకి బస్సు కదిలింది. వరంగల్‌కు టికెట్టు తొంభై నయాపైసలు. ముందు సీట్లు దొరికితే దుమ్ము తక్కువ. నా పక్కన టమాటాల గంపతో ఒకామె కూర్చుంది.

“ఎటు పోతానవవ్వా?”

“హన్మకొండకు, మా చెల్లె ఇంటికి.”

“హన్మకొండల ఎవడో మిలిటరోడు పేగులు ఆరేసుకోని తింటాండట గదా. పైలం.”

“ఎవరు చూసిన్రు?”

“అందరు అంటాన్రు.”

“చూసినోళ్ల పేరొకటి చెప్పు.”

ఆమె గంప సర్దుకుని కిటికీ వైపు తిరిగింది. ఆ మిలిటరీవాడు నా చెల్లెలి కొడుకని నేను చెప్పలేదు.

ఎనిమిదీ ముప్పై అయిదుకు వరంగల్ చేరాం. రిక్షావాడు హన్మకొండకు రూపాయి అడిగి, ముప్పావలాకు ఒప్పుకున్నాడు. తొమ్మిదింబావుకు ఇల్లు చేరాను. రాజవ్వ చెంబుతో నీళ్లు తెచ్చింది. ఉపవాసమన్నాను.

“బుధవారం ఏం ఉపవాసమక్కా?” అంది. తను చెంబు గడప పక్కన పెట్టి, పసిపిల్ల ఏడవకపోయినా లోపలికి వెళ్లి ఎత్తుకుంది.

నేరుగా మేడెక్కాను. తీగలు బూడిద రంగులో, పెళుసుగా ఉన్నాయి. సాంబయ్య నా వెనకే వచ్చాడు.

“కందగడ్డలే పెద్దమ్మా. శివరాత్రి ఒక్కపొద్దుకు నువ్వు ఉడకబెట్టుకుంటవు సూడు, ఆ తియ్యటి గడ్డలే. తురిమి, పిండి తేర్చి, సగం పిండితోని గంజి కాసి, మిగిలిన పిండిల కలిపి, మురుకుల గొట్టంల పెట్టి మరిగే నీళ్లల్ల ఒత్తిన.”

“అగ్గిపెట్టె తే.”

నూలులో కల్తీ ఉందనుకుంటే మేము ఒక పోగు తీసి కాలుస్తాం. పత్తి అయితే కాగితం కాలిన వాసన. పట్టు గానీ ఉన్ని గానీ కలిస్తే వెంట్రుకలు కాలిన కంపు. నరమైనా అంతే. ఒక తీగ విరిచి అంటించాను. వడియంలా పొంగి, నల్లబడి, మాడిన గంజి వాసన కొట్టింది. చేతికందే చోట మాత్రమే మంచివి ఉంచాడేమోనని దండెం ఆ చివర నుంచి ఇంకొకటి, నడిమి నుంచి ఇంకొకటి తీశాను. మూడూ ఒక్కటే వాసన.

“ఇంకో నాలుగు కాల్చు, శుక్రవారం అగ్గిపుల్లలే వడ్డిస్త,” అన్నాడు సాంబయ్య.

“నా ముందట వండు.”

పదిన్నరకు పొయ్యి వెలిగించాడు. పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను. మరిగే నీళ్లలో పడగానే తీగలు మెలికలు తిరిగి, కాసేపటికి గాజులా పారదర్శకం అయ్యాయి. చూడడానికి ఏమీ బాగాలేదు. చన్నీళ్లలో కడిగి, జల్లెడలో వార్చి, నువ్వుల నూనె పట్టించాడు. ఆ నూనె వేలికి రాసుకుని వాసన చూశాను, మన గానుగదే. గోబిగడ్డ, పాలకూర, ఉల్లిగడ్డ, క్యారెట్ సన్నగా తరిగి దేనికదే విడివిడిగా వేయించాడు. అన్నీ ఒకేసారి మూకుట్లో వేస్తే ఒకటి మాడి, ఒకటి నీరు వదులుతుందట. ఆ పద్ధతి నాకు నచ్చింది. చివర తీగలూ కూరలూ కలిపి, కొంచెం బెల్లం, మిరియాల పొడి వేసి, గూట్లోంచి నల్లటి సీసా తీశాడు.

“ఆగు. అదేంది?”

“ఒక రకం చిక్కుడు గింజ రసం. ఉప్పుల ఊరబెడ్తరు. సికింద్రాబాద్ల చీనోళ్ల దుకాణంల కొన్న.”

సీసా మీద రాత నాకు చదవరాదు. అతనికీ రాదు. ద్రవాన్ని కాల్చి చూడలేం.

“చింతపండు పులుసు పొయ్.”

“అట్లయితే అది కొరియా వంట గాదు పెద్దమ్మా.”

“ఇది కొరియా గాదు, హన్మకొండ.”

అతని భార్య సుగుణ తలుపు చాటున నవ్వి, ఆపుకుంది. రాజవ్వ నవ్వలేదు. పిల్లను భుజాన వేసుకుని నా వైపే చూస్తోంది. ఆ సీసా గురించి కాక, నన్ను నిజంగా తొలుస్తున్న మాటే అడిగాను.

“సాంబయ్యా, అక్కడ మాంసం తిన్నవా?”

రాజవ్వ అతనికి తల అడ్డంగా ఊపడం నాకు కనిపించింది. అతనికీ కనిపించే ఉంటుంది.

“తిన్న,” అన్నాడు. “మొదటి చలికాలం. మంచుల బండ్లు ఆగినయి, బియ్యం రాలే. పదకొండు దినాలు డబ్బాల వచ్చిందే తిన్నం. నేనే వండి పెట్టిన, నేనూ తిన్న. ఇంటికొచ్చినంక ముట్టలే. ఈ వంట ఆ దవాఖానల గిన్నెలు తోమే ముసలామె నేర్పింది. ఆమె మాంసం వేసేది. నేను వెయ్యలే.”

తినలేదని చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. ఆ సీసా సంగతీ నమ్మేదాన్ని కాదు. అనుకూలంగా అబద్ధం చెప్పడానికి తల్లి దారి చూపించినా, తనకే నష్టమైన మాట చెప్పినవాడు చిక్కుడు గింజ గురించి అబద్ధం ఆడడు.

“నీ సీసా రసమే పొయ్,” అన్నాను.

పన్నెండుంబావుకు విస్తరి వేశారు. తీగలు నాలుక మీద జారతాయి, నమిలితే సాగుతాయి, రుచి తీపికీ ఉప్పుకీ నడుమ ఉంటుంది. మొదటి ముద్ద మింగడానికి కొంచెం సమయం పట్టింది. రెండోసారి అడిగి వేయించుకున్నాను. రాజవ్వ గడప దగ్గరి నీళ్లు పారబోసి, మళ్లీ నింపి తెచ్చింది.

నాలుగున్నర బస్సుకు తిరిగి బయలుదేరాను. ఈ వంట చూడాలని హన్మకొండ వెళ్లేవాళ్లు పొద్దున బస్సుకే వెళ్లండి. వండుకోదలచిన వాళ్లు తీగలను చన్నీళ్లలో కడగడం మరవద్దు, లేకపోతే ముద్ద కడతాయి. రిక్షాకు ముప్పావలా మించి ఇవ్వొద్దు. నాకు ఆ తిండి అలవాటు కాదు గానీ, అందులో తప్పు ఏమీ దొరకలేదు. వెతకడంలో నేనేమీ తక్కువ చెయ్యలేదు.

అయిదూ నలభైకి వర్ధన్నపేటలో దిగేసరికి మా మరిది రామచంద్రం ఎదురుచూస్తున్నాడు. హన్మకొండకు ఎవరెవరు వెళ్లాలో తేల్చేది నేనైనా, మిగతా ఇళ్లకు కబురు చేసేది అతనే.

“నరాలేనా వదినె?”

“కందగడ్డ పిండి. మూడుసార్లు కాల్చి చూసిన. తిన్న.”

“మరి వాడు? ఆ దేశంల మాంసం తిననే లేదంటాండా?”

“తిన్ననన్నడు. అడిగిన, చెప్పిండు. నెలకోసారి సరుకు కోసమని సికింద్రాబాద్ పోతవు గదా, అక్కడ ఏం తింటవో నేను ఎన్నడన్న అడిగిన్నా?”

రామచంద్రం నా చేతి సంచీ అందుకున్నాడు.

“శుక్రవారం పొద్దుగాల బస్సుకు పన్నెండు మందిమి అయితం,” అన్నాడు. “ముందు సీట్లు పట్టుమని ఇయ్యాల్నే చెప్పి పెడ్త.”