బందరు బస్సులో నల్లకోటు

గూడూరులో బందరు బస్సెక్కాను. పక్క సీటాయన ఒళ్ళో నల్లకోటు మడతపెట్టుకుని కూర్చున్నాడు.

"ఎక్కడికండీ, కోర్టుకేనా?" అన్నాడు నవ్వుతూ.

లాయరు ఊరికే నవ్వుతాడా? నా నోట్లోంచి ఏదో లాగడానికే అనుకున్నాను. మా బావ పొలం గట్టు తగాదాలో ఆరోజు నేనే సాక్షిని మరి.

"అబ్బే, పెళ్ళికండీ," అన్నాను.

"ఎవరిదండీ?"

"మా మేనకోడలిదండీ."

దిగేదాకా కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం బోనెక్కి, అంతా నిజమే చెబుతానని ప్రమాణం చేశాను. అవతలివాళ్ళ లాయరు లేచాడు. ఆయనే. గట్టు ఊసే ఎత్తలేదు.

"పొద్దున బస్సులో నాతో ఎక్కడికి వెళ్తున్నానన్నారండీ?" అన్నాడు, అదే నవ్వుతో.

కోర్టంతా నా నోటి వంకే చూసింది.

ఇప్పటికీ బస్సులో ఎవరైనా ఎక్కడికని అడిగితే, మాట్లాడకుండా టిక్కెట్టు తీసి చూపిస్తాను.