అల్లుడి ముందు అన్న మాట

2023 వేసవి. కెనడాలోని రిచ్‌మండ్ హిల్‌లో ఒక చిన్న ప్రాపర్టీ మేనేజ్‌మెంట్ ఆఫీసులో లీజింగ్ కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. ఓనర్ల తరఫున ఇళ్ళు చూపించడం, అద్దెకు వచ్చేవాళ్ళతో లీజ్ రాయించడం, కుళాయి కారితే ప్లంబర్‌ని పంపడం నా పని. మా ఓనర్లలో ఎక్కువమంది చైనీస్ కుటుంబాలవాళ్ళు. వాళ్ళ ఇళ్ళు చాలావరకు వాటర్లూలో, యూనివర్సిటీల చుట్టుపక్కల ఉండేవి. ఆ ఏడాది ఇండియా నుంచి వచ్చిన పిల్లలకు గది దొరకడమే గగనంగా ఉండేది. తెలుగు పిల్లలు ఎవరి ద్వారానో నా నంబర్ తెలుసుకుని, "అక్కా, బేస్‌మెంట్ అయినా పర్లేదు" అంటూ ఫోన్ చేసేవారు.

మా మేనేజర్ లిన్ చైనా నుంచి చిన్నప్పుడే వచ్చిన మనిషి. ఆమె నమ్మకం ప్రకారం ఆఫీసులో ఎవరి కుర్చీ కూడా తలుపుకు వీపు పెట్టి ఉండకూడదు. ఓనర్లు మంచి రోజు చూసుకున్నాకే కొత్తింటి తాళాలు తీసుకునేవాళ్ళం. నాకు ఇవేవీ వింతగా అనిపించలేదు. మనం వాస్తు, వర్జ్యం చూడమా? వీళ్ళ పద్ధతులు నాకు తెలిసినవేలే అనుకున్నాను.

లియాంగ్ గారి ఇల్లు నా చేతికి వచ్చింది అప్పుడే. ఆయనకు డెబ్బై దాటాయి, మితభాషి. వాక్‌త్రూ రోజున, అంటే ఇల్లు అద్దెకు పెట్టేముందు గది గదీ తిరిగి చూసే రోజున, కొత్త అల్లుడిని వెంట తెచ్చారు. ఇకమీదట ఇళ్ళ వ్యవహారాలు అతనే చూస్తాడట. ఫ్లాస్కులోంచి మాకు టీ పోసి, రెండు చేతులతో అందించారు.

బేస్‌మెంట్‌లో మంచం, బల్ల వేసిన గది ఉంది. ఖమ్మం నుంచి వచ్చిన సౌమ్య అప్పటికే దాన్ని వీడియోలో చూసి అడుగుతోంది. స్నేహితురాలి హాల్లో పరుపు మీద పడుకుంటోంది ఆ పిల్ల, అక్కడ కూడా ఎక్కువ రోజులు ఉండనిచ్చేలా లేరు. నేను కిటికీ చూశాను. పిల్లి దూరేంత ఉంది. పడకగదికి ఈగ్రెస్ విండో ఉండాలి, అంటే మంటలు లేస్తే మనిషి బయటపడగలిగే కిటికీ.

"ఇది పడకగదిగా ఇవ్వడానికి లేదండీ," అన్నాను. "మంటలు లేస్తే ఇందులోంచి ఎవరూ బయటపడలేరు. రూల్‌కి విరుద్ధం."

అల్లుడు మామగారి వైపు చూశాడు. లియాంగ్ గారు నవ్వారు. "చాలా జాగ్రత్త గల అమ్మాయివి. మంచిది, మంచిది," అని నా కప్పులో మళ్ళీ టీ పోశారు.

అంగీకరించారనే అనుకుని వచ్చేశాను. కెనడాలో మాట సూటిగా చెప్పాలని ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక ట్రైనింగ్‌లో నేర్పారు. బాగానే చెప్పాననుకున్నాను.

ఆ తర్వాత ఫోన్ చేసిన ప్రతిసారీ ఆయన మర్యాదగానే మాట్లాడారు. ఒకసారి అల్లుడికి తీరిక లేదన్నారు. ఒకసారి ఎండలు తగ్గనీ అన్నారు. ఇంకోసారి మా పాప ఎలా ఉందని అడిగారు. కిటికీ మాట వస్తే, "చూద్దాం." పైన ఖాళీగా ఉన్న స్టడీ రూమ్ సంగతి ఎత్తినా అదే జవాబు. ఆయన ఏనాడూ కాదనలేదు, అలాగని పనీ జరగలేదు. సౌమ్య కూడా ఫోన్ చేయడం తగ్గించింది. వేరే గది దొరికిందేమో అనుకున్నాను.

సిటీ మున్సిపాలిటీకి కంప్లైంట్ చేస్తానని లిన్‌తో అన్నాను.

"చెయ్యి, తప్పు లేదు. కానీ ముందు ఒకటి చెప్పు. ఆ మాట ఎవరి ముందు అన్నావు?"

"ఆయన అల్లుడు ఉన్నాడు."

లిన్ కళ్ళు మూసుకుంది. "కొత్త అల్లుడి ముందు పెద్దాయనకు రూల్ తెలియదన్నావు. మా వాళ్ళు దాన్ని ముఖం పోవడం అంటారు, అంటే పరువు పోవడం. నువ్వు చెప్పింది నిజమే. కానీ ఇప్పుడు కిటికీ మారిస్తే నువ్వు చెబితే మార్చినట్టవుతుంది. ఆయన తనంతట తాను మార్చుకునే దారి నువ్వే చూపించాలి."

"ప్రాణం మీదికి వచ్చే విషయంలో కూడానా?"

"అక్కడే మరీ ఎక్కువ," అంది. నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ పూర్తిగా అర్థమైందని చెప్పను.

కానీ ఇంటికి వెళ్తుంటే ఒకటి గుర్తొచ్చింది. మా మావయ్యగారు మా దగ్గర ఉన్నప్పుడు ఒక చేత్తో వేడి టీ, ఇంకో చేత్తో పాపను పట్టుకునేవారు. పాప మీద ఒలుకుతుందేమోనని నా భయం. అయినా ఏనాడూ వద్దని అనలేదు. "మావయ్యా, టీ చల్లారిపోతుంది, ముందు తాగేయండి, పాపను నేను ఎత్తుకుంటా," అనేదాన్ని. ఇంట్లో అలవాటుగా అబ్బిన ఈ తెలివిని, ఉద్యోగానికి పనికిరాదని నేనే పక్కన పెట్టేశాను.

లియాంగ్ గారు ఆ ఇంటికి వచ్చిన రోజు చూసి, లిన్ చెప్పినట్టే కమలాపండ్లు పట్టుకుని వెళ్ళాను. అల్లుడూ ఉన్నాడు. "మీ సలహా కోసం వచ్చానండీ. ఇండియాలో ఉన్న తల్లిదండ్రులు నన్ను రకరకాలుగా అడుగుతున్నారు, మా పిల్ల పడుకునే చోటు భద్రమేనా అని. మీరు ఇక్కడే పిల్లల్ని పెంచిన పెద్దవారు. వాళ్ళకు నేనేం చెప్పను?"

ఆయన పండ్లు అందుకుని బల్ల మీద పెట్టారు. తర్వాత అల్లుడివైపు తిరిగి, "ఆ కిటికీ చిన్నదని నేను మొదటినుంచీ అనుకుంటున్నాను. కాంట్రాక్టర్‌ని పిలువు," అన్నారు. "అందాకా ఆ పిల్లను పైన స్టడీ రూమ్‌లోకి మార్చండి."

మార్చండి అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఎక్కడినుంచి మార్చాలి?

కిందికి వెళ్ళాను. మంచం మీద మడతపెట్టిన దుప్పటి, బల్ల మీద కుక్కర్, ఆవకాయ సీసా. సౌమ్య లేచి నిలబడింది.

"తిట్టకండి అక్కా. హాల్లోంచి వెళ్ళిపొమ్మన్నారు. నేరుగా ఇక్కడికొచ్చి లియాంగ్ అంకుల్ అల్లుడిని, ఆ అన్నని, అడిగితే కీస్ ఇచ్చారు. మీకు చెబితే ఖాళీ చేయిస్తారని..."

ఆయన ముఖం నిలబడటం కోసం మేమంతా ఎదురుచూసిన రోజులన్నీ ఈ పిల్ల ఆ కిటికీ కిందే పడుకుంది. అల్లుడు ఇచ్చిన మాటను మామగారు కాదనలేరు, అదొక మర్యాద. నా మాట మీద కిటికీ మార్చలేరు, అదింకొకటి. మధ్యలో సౌమ్య.

"అంకుల్ మంచివారే అక్కా," అంది. "కొత్త స్మోక్ అలారం తెచ్చి పెట్టారు. రోజూ పడుకునేముందు ఫోన్ చేసి, మెట్ల తలుపు తెరిచి ఉంచావా, గదిలో వండటంలేదు కదా అని అడుగుతారు. ఎందుకు అంకుల్ అంటే, ఆ ఆఫీస్ అమ్మాయి ఇది ప్రమాదమని చెప్పింది, అన్నారు."

అంటే ఆ మొదటి రోజే నా మాట ఆయన విన్నారు.

ఇప్పుడు మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు నేనే వాక్‌త్రూ నేర్పుతున్నాను. ప్రమాదం కనిపిస్తే ఆ రోజే చెప్పండి, కానీ ఓనర్‌ని పక్కకు పిలిచి ఒంటరిగా చెప్పండి అంటాను. ఆ కేసు నాకు నేర్పింది అంతే, అదీ సగమే. ఆ పిల్లను కాపాడింది అల్లుడి ముందు నేను అన్న మొరటు మాటా, పండ్లు పట్టుకుని అడిగిన మెత్తని ప్రశ్నా అని ఎవరైనా అడిగితే ఇంతే చెబుతాను. ఒకటి ఆయన్ని నిద్రపోనివ్వలేదు, ఇంకొకటి కాంట్రాక్టర్‌ని పిలిపించింది. రెండింటి మధ్యా గడిచిన రాత్రుల్లో ఏమీ జరగలేదు. అది మాత్రం ఆయన గొప్పా కాదు, నా గొప్పా కాదు.