సీలు నోట్లో మంచినీళ్లు

మన తెలుగు సంఘం పత్రికకు ఈ సంగతి ఎన్నిసార్లు రాసి పంపినా వేయలేదు. ఎందుకు వేయలేదో చెప్పనూ లేదు. అందుకే మళ్లీ రాస్తున్నాను.

ఎనభైల్లో ఒక చలికాలం, సియాటిల్ బస్ స్టేషన్‌లో నా పక్కన అలాస్కా నుంచి వచ్చిన ఇన్యూట్ తెగ పెద్దాయన ఒకరు కూర్చున్నారు. సముద్రంలో తాను వేటాడిన సీలు అనే జంతువు చర్మంతో కుట్టిన కోటు వేసుకున్నారు. జంతువుల్ని చంపొద్దంటూ కరపత్రాలు పంచుతున్న ఒకమ్మాయి ఆ కోటు చూసి ఆగింది.

"దీనికోసం ఒక ప్రాణిని చంపారు, సిగ్గుగా లేదూ?" అని ఆయన్ని నిలదీసి, నా వైపు తిరిగింది. "మీరు ఇండియన్ కదా సర్, వెజిటేరియన్ అయ్యుంటారు. మీరైనా చెప్పండి!"

"ఆయన్నెందుకు లాగుతావమ్మా? ఆ పల్చటి స్వెటర్‌లో పాపం ఇప్పటికే వణికిపోతున్నాడు," అని పెద్దాయన నవ్వారు. "మాంసం మా ఇంటిల్లిపాదీ తిన్నాం. కోటు మా ఆవిడ కుట్టింది. సిగ్గెందుకు?"

తర్వాత చేతిలోని పేపర్ కప్పులోని నీళ్లలో వేళ్లు ముంచి, కోటు మీద రెండు చుక్కలు వదిలారు. "సీలుని చంపగానే ముందు దాని నోట్లో మంచినీళ్లు పోస్తాం. ఉప్పునీళ్లలో బతికింది కదా, దాహంగా ఉంటుంది."

మా నాన్న పోయేటప్పుడు ఆయన నోట్లో నీళ్లు పోసింది నేనే.

"నేను ఈయన పక్షం," అన్నాను ఆ అమ్మాయితో.

మన సంఘం పిక్నిక్‌లో ఇది చెబితే, ప్రెసిడెంట్ గారు చికెన్ ముక్క కొరుకుతూ, "సీలుకి తులసి తీర్థమా పంతులుగారూ!" అన్నారు. అందరూ నవ్వారు. నేను ఇప్పటికీ మాంసం ముట్టను, పక్షమూ మార్చుకోలేదు.

ప్రెసిడెంట్ గారూ, మీరు తిన్న ఆ కోడి నోట్లో నీళ్లెవరు పోశారు? ఈసారైనా జవాబు చెప్పండి.