ఎండుచేపలు ఎత్తిన రోజులు

మా చెల్లెలి చదువు నా చంకలోనే మొదలైంది. నేను రెండో తరగతిలో ఉండగా అది పుట్టింది. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని చేపలు అమ్ముకోవడానికి పోతే పిల్లను ఎవరు చూడాలి? నేనే. బడి మానేశాను. దాన్ని చంకనేసుకుని బడి కిటికీ బయట నిలబడేదాన్ని. లోపల ఎక్కాలు చెప్పిస్తుంటే నేనూ నోరు కదిపేదాన్ని, అది నా జుట్టు పీకేది.

ఆ జుట్టు పీకిన పిల్లే నెల్లూరు హాస్టల్లో ఉండి ఎస్సెల్సీ ప్యాసయింది. పీయూసీ అయింది. బీయస్సీలో ఫిజిక్సు తీసుకుంది. ప్యాసయినప్పుడల్లా నాయన వాడంతా చక్కెర పంచాడు. నేనూ చెయ్యి చాచి తిన్నాను. తియ్యగా ఉందని మాత్రం చెప్పను.

అప్పటికి నా మొగుడు పోయి రెండేళ్లు. ఆయన చివరిసారి వేటకు పోయిన పొద్దున, ఉప్పుకుండలో చెయ్యి పెట్టి చూసి చెప్పాను.

"ఉప్పు చెమ్మగిల్లుండాది. ఈ పొద్దు పోబాకయ్యా."

"ఉప్పుకుండ చూసి సముద్రం సంగతి చెప్తావా మే?" అని నవ్వుకుంటూ పోయినాడు. తెప్ప తిరిగొచ్చింది, మనిషి రాలేదు. నేను పుట్టింటికి వచ్చి, నెత్తళ్ల చేపలు ఇసకలో చాపల మీద ఎండబెట్టి ఇందుకూరుపేట వైపు ఊళ్లలో అమ్ముకుంటూ బతికాను.

బీయస్సీ అయ్యాక చెల్లెలు గాలీవానల చదువు చదువుతానంది. వానలు ఏ ఏటికి ఎట్లా మారుతున్నాయో, గాలి ఎందుకు దిక్కు తిప్పుతుందో లెక్కగట్టే చదువట. వాల్తేరులో చెబుతారట. మొదటి ఏడు సీటు రాలేదు. నెల్లూరు కాలేజీ లెక్చరరు గారు దీని మీద దయ తలచి ఒక దారి చెప్పారు. వానాకాలమంతా మీ ఊళ్లోనే ఉండి రోజూ చూసింది చూసినట్టు రాయి, నోటుబుక్కు బాగుంటే వాల్తేరు మేష్టారికి నేనే పంపి నీ తరఫున అడుగుతాను అన్నారు. నాయనేమో ఈసారి సీటు రాకపోతే పెళ్లి చేసేస్తానన్నాడు. వాకాడు దగ్గర సంబంధం చూసి పెట్టాడు కూడా. అంటే దాని బతుకంతా ఆ నోటుబుక్కు మీదే ఉంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను.

అది పెరట్లో గాజు సీసాకు గరాటు బిగించి, గీతలు గీసిన కాగితం అంటించి పాతిపెట్టింది. పడిన వాన అందులో కొలిచేది. ఒక సాయంత్రం పెన్సిలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, వాన వొస్తాదని నీకు ముందే ఎట్లా తెలస్తాది?"

నాకు ఒళ్లు మండింది. నేను చెబితే నా మొగుడే నవ్వాడు. అదే మాట ఇది కాగితం మీద రాస్తే లెక్చరర్లు చదువుతారు. నా దగ్గరున్నది ఆ ఒక్కటే. అదీ దీనికే పోవాలా?

"పీతలు ఒడ్డెక్కితే వాన. కాకులు గుంపుగా దక్షిణానికి పోతే ఎండ" అన్నాను. రెండూ అప్పటికప్పుడు అల్లినవే. హాస్టల్లో పెరిగిన పిల్లకు ఏం తెలుసు? బుద్ధిగా రాసుకుంది. ఆ రోజు అన్నం నాకు బాగా సహించింది.

అక్కడి నుంచి రోజూ అడిగేది, రోజూ ఒక అబద్ధం చెప్పేదాన్ని. ఈ పొద్దు ఎండేనే అని చెప్పి, కాసేపటికి ఉప్పులో చెయ్యి పెట్టి చూసుకుని, పోయి ఇసకలో నెత్తళ్లన్నీ చాపలతో సహా ఎత్తి పాకలో పెట్టేదాన్ని. తడిస్తే పురుగు పట్టి పోతాయి. దాని మీద కుళ్లు ఉందని నా కూడు నేను చెడగొట్టుకోను కదా. అది గడప మీద కూర్చుని చూస్తూ ఉండేది.

వానలు వెనకబట్టాక నోటుబుక్కు పట్టుకుని నెల్లూరు బస్సెక్కింది. ఆ పగలంతా నాకు ఒక చోట కాలు నిలవలేదు. అది ఏడుస్తూ దిగుతుందని ఎదురుచూశాను. ఏడిస్తే చూడలేనేమోనని భయం కూడా వేసింది.

నవ్వుతూ దిగింది. తిన్నగా నేను చేపలు తిరగేస్తున్న చోటికి వచ్చి కూర్చుంది.

"సార్ నీ గురించే అడిగినారక్కా."

"నా గురించా? ఏం రాసినావే?"

నోటుబుక్కు తెరిచింది. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు. ఒక వరస పైన ‘అక్క చెప్పింది’ అని ఉంది. పక్క వరస పైన ‘అక్క చేసింది’ అని ఉంది. మూడోది సీసాలో వాన. చెప్పిన వరసలో ఎండ అని, చేసిన వరసలో ‘చేపలు ఎత్తింది’ అని, ఆ పక్కనే వాన. పేజీ తిప్పితే మళ్లీ అదే. నేను చెప్పింది వానతో కలిసిన రోజు వెతికితే గాని కనబడదు. చేపలు ఎత్తిన రోజు వాన తప్పింది ఎక్కడో ఒకటి.

నా మొహం ఎండుచేపలాగే అయిపోయి ఉంటుంది.

"తెలిసి కూడా ఇన్నాళ్లూ గమ్మునుండావా మే?"

"అడిగితే కొట్లాడతావు. కొట్లాడి చేపలెత్తేది కూడా మార్చేస్తే నా నోటుబుక్కు ఏంగావాల?" అని పకపకా నవ్వింది. "నా మింద కోపమైతే చేపల్ని తడపవు గదా నువ్వు. అది మాత్రం నాకు తెలుసు."

సార్ ఆ రెండు వరసలూ చూసి, ఇట్లా చూడడం వచ్చిన పిల్లకు సీటు రాకపోతే ఇంకెవరికి వస్తుంది అన్నారట. నా చేతిలో విద్య, దాని కంట్లో పడి, దాని సీటైంది. నేను ఆపబోయి చేసిన పనే దాన్ని వాల్తేరుకు పంపింది.

సీటు వచ్చింది. ట్రంకుపెట్టె కట్టుకుని బయలుదేరే రోజున మళ్లీ పెన్సిలు తీసింది.

"ఇప్పుడన్నా నిజం చెప్పక్కా. ఏం చూసి ఎత్తేదానివి?"

కాసేపు చెప్పకూడదనే అనుకున్నాను. తర్వాత దాని చెయ్యి పట్టుకుని ఉప్పుకుండలో పెట్టాను. "చెమ్మ తగిలిందా? అదే" అన్నాను. ఇది నవ్వుతుందేమోనని మొహంలోకి చూశాను. నవ్వలేదు. వేళ్లు ఒకదానికొకటి రాసి చూసుకుని, తడి వేళ్లతోనే రాసుకుంది.

"ఇంకేమన్నా ఉండాదా?"

"లేదు. ఇంతే" అన్నాను.

ఉంది. ఉప్పుకంటే గట్టి గురుతు ఇంకోటి ఉంది. చెల్లెలు తర్వాత చాలా చదివింది, గాలీవానల ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసింది, వచ్చినప్పుడల్లా అడిగింది. చెప్పలేదు. ఇక్కడా చెప్పను.